సొంతంగా కెర్నల్ కంపైల్ చేద్దాం – 3వ భాగం: డాట్ కాన్ఫిగ్‌ని ఎక్కడ దాచాలి?

పోయిన భాగంలో లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌ని నడిపే మూల ప్రోగ్రామ్) ఆప్షన్లు ఎంచుకునే మెనూకాన్ఫిగ్ తెరిచి మన లాప్‌టాప్‌కి కావాల్సిన డ్రైవర్లు ఉంచి మిగతావి తీసేశాం కదా, ఆ కష్టమంతా ఇప్పుడు సోర్స్ ఫోల్డర్లో (కెర్నల్ కోడ్ ఉన్న చోటు) డాట్ కాన్ఫిగ్ అనే ఒక్క ఫైల్లో ఉంది. పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి ఉత్త ఎల్‌ఎస్ కొడితే కనపడదు, ఎల్‌ఎస్ మైనస్ ఏ కొట్టండి.

దాన్ని అక్కడే వదిలేయకండి. పాత బిల్డ్ ఫైళ్లను తుడిచే మేక్ క్లీన్ దాని జోలికి పోదు కానీ మేక్ ఎంఆర్‌ప్రాపర్ మాత్రం ఒక్క మాటైనా అడక్కుండా తుడిచేస్తుంది. మొదట్లో ఏదో ఎర్రర్ వస్తే అంతా శుభ్రంచేసి మళ్లీ మొదలుపెడదామని నేను అదే కొట్టాను, రాత్రంతా కూర్చుని ఎంచుకున్నవన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. పైగా కొత్త వెర్షన్ దించుకుంటే అది వేరే ఫోల్డర్, పాత సెట్టింగులు దాని వెంట రావు.

అందుకే ముందు డాట్ కాన్ఫిగ్‌ని సోర్స్ బయటికి కాపీ చేసుకోండి. తర్వాత హోమ్‌లో కేబిల్డ్ అని ఒక ఫోల్డర్ చేసి కాపీని అందులో పెట్టి, ఇకనుంచి ప్రతి మేక్ కమాండ్‌కీ పెద్ద ఓ, ఈక్వల్స్ గుర్తు, ఆ ఫోల్డర్ దారి తగిలించండి, అప్పుడు బిల్డ్ ఫైళ్లన్నీ అందులోకే వెళ్తాయి. సోర్స్‌లో పాత డాట్ కాన్ఫిగ్ గానీ ఇదివరకటి బిల్డ్ గానీ ఉంటే ఎంఆర్‌ప్రాపర్ చేయమని ఆగిపోతుంది, కాపీ చేతిలో ఉంది కాబట్టి ఈసారి సోర్స్ ఫోల్డర్లో ధైర్యంగా కొట్టొచ్చు, ఈ ఒక్కదానికి మాత్రం పెద్ద ఓ తగిలించకండి, తగిలిస్తే కేబిల్డ్‌లోని కాపీనే తుడిచేస్తుంది.

ఒకసారి ఆ ఫైల్ తెరిచి చూడండి. వేల లైన్లు, చాలావాటికి మొదట్లో హ్యాష్, చివర్లో 'ఈజ్ నాట్ సెట్'. కామెంట్లేలే అని చెరిపేస్తారేమో, వద్దు! బిల్డ్ వాటిని చదువుతుంది, ఆ లైన్ లేకపోతే ఆ ఆప్షన్ డిఫాల్ట్‌కి వెళ్లిపోతుంది, డిఫాల్ట్ ఆన్ అయితే మీరు వద్దన్నదే మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ఇన్ని వేల లైన్లలో మీరు మార్చింది ఏదో ఎలా తెలుస్తుంది? మేక్ సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్ కొట్టండి, డిఫాల్ట్‌కి తేడాగా ఉన్నవి మాత్రమే డెఫ్‌కాన్ఫిగ్ అనే చిన్న ఫైల్లోకి వస్తాయి. నేనైతే ఇదీ, పూర్తి డాట్ కాన్ఫిగ్ కూడా గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే టూల్) పెడతాను, ఏ కెర్నల్ వెర్షనో కమిట్ మెసేజ్‌లో (మార్పుతో పాటు రాసే నోట్) రాసి మరీ, ఎందుకంటే వెర్షన్ మారితే డిఫాల్ట్‌లూ మారొచ్చు.

కొత్త వెర్షన్‌కి మారేటప్పుడు పూర్తి ఫైల్‌నే బిల్డ్ ఫోల్డర్లో పెట్టి మేక్ ఓల్డ్‌కాన్ఫిగ్ కొడితే కొత్తగా వచ్చిన ఆప్షన్లను ఒక్కొక్కటే అడుగుతుంది. అంత ఓపిక లేకపోతే మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ కొట్టండి, ఏమీ అడక్కుండా కొత్తవాటికి తనంతట తానే డిఫాల్ట్‌లు నింపేసుకుంటుంది.

వచ్చే భాగానికి కేబిల్డ్ సిద్ధంగా ఉంచండి, మాడ్యూల్స్ (కెర్నల్‌కి అవసరమైనప్పుడు విడిగా లోడయ్యే డ్రైవర్ల వంటి ముక్కలు) ఇన్‌స్టాల్ అక్కడినుంచే చేస్తాం.