ఉదయగిరి ముట్టడి ఫోన్‌లో: కథ ఆట నడిపే పద్ధతి

కథ ఆటలో ఒకరు సూత్రధారిగా ఉండి సన్నివేశం చెబుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకొని "నేనిది చేస్తా" అంటారు. ఆ పని అవుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. నెల్లూరులో ఇద్దరు, కావలిలో ఒకరు, ఒంగోలులో ఒకరు ఉన్నా టెలిగ్రామ్ గ్రూపులో చక్కగా సాగుతుంది. సూత్రధారి కాక నలుగురు చాలు. ఆరుగురైతే వంతు రావడానికి పావుగంట పడుతుంది, ఈలోగా మనిషి ఏదో వీడియోలోకి జారుకుంటాడు.

ముందుగా చేయాల్సింది కథ రాయడం కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పది పేజీలు రాసుకున్న సూత్రధారి, ఆటగాళ్లు వేరే దారి పట్టగానే వాళ్లను తన కథలోకి లాక్కురావాలని చూస్తాడు. తమ మాట చెల్లడం లేదని వాళ్లకు రెండో రోజే తెలిసిపోతుంది, మూడో రోజు రారు. కథకు బదులు ఒక చిక్కు, అందులో ఇరుక్కున్న ముగ్గురు మనుషులు, ఎవరికి ఏం కావాలి అన్నది రాసుకోండి. ఒక పేజీ దాటనివ్వకండి.

ఉదయగిరినే తీసుకోండి. గజపతుల చేతిలో ఉన్న ఈ కొండకోటను కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. కోట పడుతుందని అందరికీ తెలుసు కాబట్టి "కోట నిలుస్తుందా" అన్న ప్రశ్నలో పస లేదు. "ఎవరు ప్రాణాలతో కొండ దిగుతారు, వెంట ఏం తెస్తారు" అని అడగండి. గెలిచాక రాయలు ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. దాని చుట్టూ కల్పన అల్లుకోవచ్చు. అర్చకుడు విగ్రహాన్ని దాచాలని చూస్తున్నాడు. ధాన్యపు కొట్టు కరణానికి దొంగలెక్కలు బయటపడకూడదు. కోనేటి కావలివాడి కొడుకు కిందున్న సైన్యంలోనే ఉన్నాడు. ఒకరి కోరిక ఇంకొకరికి అడ్డం పడితే కథ దానంతటదే కదులుతుంది.

ఆటగాళ్ల పాత్రకు మూడు వాక్యాలు చాలు: దేంట్లో దిట్ట, ఏం కావాలి, ఈ గుంపులో ఎవరికి రుణపడి ఉంది. మూడోది లేకపోతే నలుగురూ నాలుగు దిక్కులకు పోతారు, మీరు నాలుగు కథలు నడపాల్సి వస్తుంది. పసిపిల్లలపై హింస, కులం పేరుతో తిట్లు వంటివి కథలోకి రాకూడదని ఎవరైనా అనుకుంటే మొదటిరోజే చెప్పుకోండి.

ఇక పాచికలు. టెలిగ్రామ్‌లో పాచిక ఎమోజీ ఒక్కటే పంపితే 1 నుంచి 6 వరకు ఏదో ఒక అంకె పడుతుంది. రెండుసార్లు పంపి కూడండి. 6 లేదా అంతకు తక్కువైతే ఓటమి. 7 నుంచి 9 వస్తే పని అవుతుంది, కానీ ఏదో ఒకటి పోతుంది. 10, ఆపైన పూర్తి గెలుపు. పడగల 36 రకాల్లో ఇవి వరసగా 15, 15, 6. నడిమి ఫలితమే ఆటకు ప్రాణం. పాత్ర దిట్ట అయిన పనికి 1 కలిపితే ఓటమి 36లో 10కి తగ్గి, పూర్తి గెలుపు కూడా 36లో 10కి పెరుగుతుంది. 3 కలిపారంటే ఓటమి 36లో 3కి పడిపోయి ఉత్కంఠ చచ్చిపోతుంది.

పాచిక వేయకముందే ఏం చేస్తున్నారో వాళ్లు చెప్పాలి, ఓడితే ఏమవుతుందో మీరు చెప్పాలి. టెలిగ్రామ్‌లో పంపిన మాటను తర్వాత మార్చుకోవచ్చు కనుక, పాచిక పడ్డాక సవరించింది చెల్లదని నియమం పెట్టండి. ఓడినప్పుడు "తలుపు తెరుచుకోలేదు" అని ఊరుకుంటే కథ ఆగిపోతుంది. తలుపు కిర్రుమంది, కావలివాడు లేచాడు అనండి. కోటలో ధాన్యం 6 పాళ్లు, కావలివాళ్ల అనుమానం 0 అని రాసి గ్రూపు పైన పిన్ చేయండి. ఓడిన ప్రతిసారీ ధాన్యం ఒకటి తగ్గాలి, లేదా అనుమానం ఒకటి పెరగాలి. అనుమానం 6కు చేరితే పట్టుబడ్డట్టే. దొంగదారి ఆచూకీ లాంటి కీలకమైన సంగతిని ఒక్క పాచికకు కట్టేయకండి, మూడు చోట్ల దాచండి.

రాత్రి భోజనాలయ్యాక 9 నుంచి 10:30 వరకు మంచి వేళ. సన్నివేశం 60 మాటల్లో చెప్పి, ఒకరిని పాత్ర పేరుతో పిలిచి "ఏం చేస్తావు?" అని అడగండి. అందరినీ కలిపి అడిగితే గట్టిగా మాట్లాడేవాళ్లే మాట్లాడతారు. జవాబుకు 3 నిమిషాలు. తెలుగు టైపు చేయలేనివాళ్లు 30 సెకన్ల వాయిస్ పంపవచ్చు, నిజానికి అదే బాగుంటుంది. కావలివాడు "యాడికబ్బా పోతుండావ్?" అని గొంతుతో అడిగితే వచ్చే బిగువు అక్షరాల్లో రాదు. కబుర్లకు వేరే గ్రూపు పెట్టండి, లేకపోతే కథ వాటి కింద కొట్టుకుపోతుంది.

బుర్రకథలో కథకుడికి వంతలున్నట్టు మీకూ ఒక తోడు ఉండాలి. ఆటగాళ్లలోనే ఒకరు ఆ రోజు జరిగింది ఐదు వాక్యాల్లో రాసి పెడితే, వారం తర్వాత ఎవరు ఎవరికి మాటిచ్చారో వెతుక్కోనక్కర్లేదు. ఒకరు రాకపోతే వాళ్ల పాత్రను చంపకండి, కోనేటికి నీళ్లకు పోయిందని పక్కన పెట్టండి. ఇద్దరు రాకపోతే ఆ రాత్రి ఆట ఆపేయండి.