పాత యూరప్ నగరాల్లో ఫొటోలు: ఏ వేళకు ఎటు నిలబడాలి

పేరున్న కట్టడం ముందుకు మిట్టమధ్యాహ్నం చేరి, ఎండకు ఎదురుగా నాలుగు ఫొటోలు కొట్టి వచ్చేస్తే మిగిలేవి నల్లటి గోడ, తెల్లబోయిన ఆకాశం. ఖరీదైన కెమెరా కొన్నా ఇది మారదు. ఆ కట్టడం ఏ దిక్కుకు చూస్తోంది, దాని మీద ఎండ ఎన్నింటికి పడుతుంది అన్న రెండు సంగతులూ హోటల్ బుక్ చేసే ముందే తేల్చుకోవాలి. బస ఎక్కడ, ఎన్ని రాత్రులు అన్నది కూడా వాటిని బట్టే తేలుతుంది.

పాత చర్చిల విషయంలో ఒక సూత్రం చాలావరకు పనికొస్తుంది: బలిపీఠం తూర్పున, ముఖద్వారం పడమర. ప్యారిస్‌లోని నోత్ర్ దామ్, ఫ్లోరెన్స్ కెథెడ్రల్, వెనిస్‌లోని సాన్ మార్కో మూడూ ఇలాగే ఉంటాయి. ఉదయం వెళితే వాటి ముఖం నీడలో ఉంటుంది, వెనక ఆకాశం మాత్రం మెరిసిపోతుంది. శిల్పాల చెక్కడం కనబడాలంటే మధ్యాహ్నం మూడు దాటాక వెళ్ళాలి. వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాని ముఖం తూర్పుకు ఉంటుంది కాబట్టి అక్కడికి పొద్దున్నే వెళ్ళాలి.

వంతెనలకూ నదీతీరాలకూ ఇలాంటి సూత్రం లేదు, మ్యాప్ చూసుకోవాల్సిందే. ప్రాగ్‌లో చార్లెస్ వంతెన దాదాపు తూర్పు పడమరలుగా సాగుతుంది, కోట పడమటి ఒడ్డున గుట్ట మీద ఉంటుంది. ఉదయపు ఎండలో కోట కావాలంటే పాత పట్టణం వైపు నుంచి పడమరకు చూడండి. ఎర్రబారిన ఆకాశం ముందు నల్లటి విగ్రహాలు కావాలంటే అదే ఉదయం అవతలి కొసకు వెళ్ళి తూర్పుకు తిరగండి. బుడాపెస్ట్ పార్లమెంటు తూర్పు ఒడ్డున ఉంటుంది. నదికి పడమటి ఒడ్డున బాత్యానీ చౌక్ దగ్గర నిలబడితే సాయంత్రపు ఎండ నేరుగా దాని ముఖం మీద పడుతుంది. వెనిస్‌లో అకాడెమియా వంతెన మీద నుంచి సలూతే చర్చి తూర్పుగా కనిపిస్తుంది కాబట్టి తెల్లవారుజామున అది నల్లటి ఆకారం, సాయంత్రం బంగారు రంగు. ఇందులో ఏది మేలన్నది మీ ఇష్టం. తెలియకుండా వెళ్ళి ఏది దొరికితే అది తీసుకోవడమే అసలు నష్టం. ఫొటోపిల్స్ లాంటి యాప్‌లో తేదీ, చోటు పెడితే సూర్యుడు ఎక్కడ ఉదయిస్తాడో గీత గీసి చూపిస్తుంది.

ఇక నెల సంగతి. ప్రాగ్‌లో జూన్ చివర సూర్యోదయం సుమారు 4:50కి, సూర్యాస్తమయం 9:15కి. డిసెంబర్‌లో అవే సుమారు 8కి, 4కి. వేసవిలో ఉదయం వెలుగు కావాలంటే మూడున్నరకే లేవాలి, రాత్రి దీపాల ఫొటోలు ముగిసేసరికి పది దాటుతుంది. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే మూడో రోజుకి కాళ్ళు కదలవు. చలికాలంలో రెండు వేళలూ మామూలు మేలుకువలోనే దొరుకుతాయి, జనమూ పలుచన. సూర్యుడు రోజంతా కిందుగానే ఉంటాడు (ప్యారిస్‌లో డిసెంబర్ మధ్యాహ్నం కూడా 20 డిగ్రీల ఎత్తు దాటడు), కాబట్టి ఎండ పక్క నుంచే పడుతుంది. చిక్కల్లా ఇరుకు సందులతోనే, వాటిలోకి ఎండ దిగనే దిగదు. మబ్బు రోజులూ ఎక్కువే, కాబట్టి ఒక్కో ఊరికి కనీసం రెండు ఉదయాలు ఉంచుకోండి. నాలుగు ఊళ్ళు చుట్టే బదులు రెండు ఊళ్ళలో నిలకడగా ఉండటమే మేలు.

గడియారంతో ఒక మోసం ఉంది. వేసవిలో గంట ముందుకు జరుపుతారు కాబట్టి ప్యారిస్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండుకు కాదు, దాదాపు 1:50కి. రోమ్‌లో సుమారు 1:10కి. అక్కడి పాంథియన్ అనే పురాతన గుడి పైకప్పులోని 9 మీటర్ల రంధ్రం నుంచి దిగే కాంతిస్తంభం కోసం పన్నెండుకే వెళ్ళి, అది ఇంకా పక్క గోడ మీద ఉందని నిరాశపడేవారు ఇక్కడే పొరబడతారు. జూన్‌లో ఆ కాంతి నేల మీదికి దిగుతుంది. ఏప్రిల్ 21 ప్రాంతంలో మధ్యాహ్నం ద్వారం మీద పడుతుంది. చలికాలంలో గోపురం లోపలి వంపు దాటి కిందికి రాదు.

గోడలు వెనక్కి వాలిపోయినట్టు రావడం అందరికీ ఎదురయ్యే తప్పు. లెన్స్ పైకి ఎత్తితే నిలువు గీతలు పైన కలిసిపోతాయి. కెమెరాలోని లెవల్ గీత ఆన్ చేసి, నిలువుగా పట్టుకుని, వంచకుండా తీయండి. కింద రాళ్ళబాట ఎక్కువగా వస్తుంది, తర్వాత కత్తిరించుకోవచ్చు. తప్పనిసరిగా ఎత్తాల్సివస్తే చుట్టూ కాస్త ఎక్కువ జాగా వదలండి, సాఫ్ట్‌వేర్‌లో నిటారు చేసినప్పుడు అంచులు పోతాయి. ప్రాగ్ కోటలోని సెయింట్ వైటస్ ముందు వెనక్కి జరగడానికి చోటే ఉండదు. అక్కడ 14 లేదా 16 మి.మీ. వైడ్ లెన్స్ కావాలి. అది లేకపోతే 24 మి.మీ.తో నిలువు ఫ్రేములు ఐదారు, మూడో వంతు ఒకదాని మీద ఒకటి పడేలా, మాన్యువల్ ఎక్స్‌పోజర్‌లో (వెలుగు కొలత ఫొటోఫొటోకూ మారకుండా) తీసి కలుపుకోండి. ఎక్స్‌పోజర్ ఆటోలో ఉంటే అతుకుల దగ్గర ఆకాశం చారలు పడుతుంది.

సూర్యుడు అస్తమించిన ఇరవై నిమిషాల తర్వాత మొదలయ్యే నీలి వెలుగు దాదాపు అరగంట ఉంటుంది. ఆకాశం, దీపాలు సరితూగేది అప్పుడే. ఇంకా ఆలస్యమైతే ఆకాశం నల్లబడి దీపాలు మాత్రమే మండుతూ మిగులుతాయి. ట్రైపాడ్, ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 100, లెన్స్ రంధ్రం ఎఫ్/8, షట్టర్ 4 నుంచి 10 సెకన్లు, రెండు సెకన్ల టైమర్. వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును సరిచేసే అమరిక) 3500 కెల్విన్ దగ్గర పెట్టి రా ఫార్మాట్‌లో (తర్వాత రంగులు సరిదిద్దుకోగలిగే ఫైలు) తీస్తే పసుపు దీపాలు అదుపులో ఉంటాయి. అకాడెమియా లాంటి కర్రపలకల వంతెన మీద ఎవరు నడిచినా ట్రైపాడ్ అదురుతుంది. అక్కడ ఒకే 30 సెకన్ల ఫొటోకి బదులు, అడుగుల చప్పుడు ఆగినప్పుడు 3 సెకన్ల ఫొటోలు చాలా తీసి, వాటిలో పదునైనది ఏరుకోండి. ఐఫెల్ టవర్ చీకటి పడ్డాక ప్రతి గంటకూ మొదటి ఐదు నిమిషాలు మిణుకుమిణుకుమంటుంది. అప్పుడు 8 సెకన్లు తెరిచి ఉంచితే మెరుపులన్నీ కలిసి తెల్లటి ముద్ద అవుతాయి. అర సెకను చాలు, మెరుపులు విడివిడిగా కనిపిస్తాయి.

జనాన్ని తప్పించడానికి 10 స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగును తగ్గించే నల్లటి అద్దం, ఒక్కో స్టాప్‌కు వెలుగు సగమవుతుంది) వాడమంటారు. 1/60 సెకను దానితో 17 సెకన్లవుతుంది, నడిచేవాళ్ళు మాయమవుతారు. సెల్ఫీల కోసం కదలకుండా నిలబడ్డవాళ్ళు మాత్రం దయ్యాల్లా మిగిలిపోతారు. ట్రైపాడ్ మీద 15, 20 ఫొటోలు పది పదిహేను సెకన్ల తేడాతో తీసి, ఫొటోషాప్‌లో మీడియన్ పద్ధతిలో (ఎక్కువ ఫొటోల్లో ఉన్నదే మిగిలేలా) కలపడం ఇంతకన్నా నమ్మకమైన దారి. అయినా ఉదయం ఆరుకే అక్కడుంటే ఈ తిప్పలేవీ అక్కర్లేదు.

లోపలి ఫొటోలకు ఫ్లాష్ దాదాపు ఎక్కడా ఒప్పుకోరు, ట్రైపాడ్ చాలా చోట్ల నిషిద్ధం. ఎఫ్/2.8, ఐఎస్ఓ 3200, 1/30 సెకనుతో మొదలుపెట్టి, స్తంభానికి భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి మూడేసి చొప్పున తీయండి. ఫొటోలో చుక్కచుక్కల గరుకుతనం (నాయిస్) వచ్చినా తర్వాత తగ్గించుకోవచ్చు, అదురు మాత్రం పోదు. విద్యుద్దీపాల కింద అడ్డచారలు వస్తే షట్టర్ 1/50 లేదా 1/100కి మార్చండి, యూరప్ కరెంటు 50 హెర్ట్జ్. రంగుటద్దాల కిటికీలకు ఎక్స్‌పోజర్ ఒకటిన్నర రెండు స్టాప్‌లు తగ్గించాలి, లేదంటే గాజు రంగులు తెల్లగా పాలిపోతాయి. ప్యారిస్‌లోని సాంత్ షపెల్ చర్చికి ఎండ ఉన్న రోజే వెళ్ళండి, మబ్బులో ఆ 15 కిటికీలకూ జీవం ఉండదు. బార్సిలోనాలోని సగ్రాదా ఫమీలియా చర్చిలో ఉదయం నీలం, ఆకుపచ్చ వెలుగు, సాయంత్రం నారింజ, ఎరుపు. టికెట్ వేళ తీసుకునేటప్పుడే ఏ రంగు కావాలో తేల్చుకోండి. వాటికన్‌లో సిస్టీన్ చాపెల్‌లో కెమెరా ఎత్తకూడదు, దాన్ని మీ జాబితా నుంచి తీసేయండి.

చలికాలంలో బయటి నుంచి వెచ్చటి కేఫ్‌లోకి నేరుగా వెళితే లెన్స్ మీదా లోపలా తేమ పడుతుంది. లోపలికి వెళ్ళే ముందే కెమెరాను జిప్ కవర్లో మూసి, గంటసేపు అలాగే వదిలేయండి. తేమ కెమెరా మీద కాక కవర్ పైనే పడుతుంది. అదనపు బ్యాటరీలు చొక్కా లోపలి జేబులో ఉంటే చలికి త్వరగా డీలాపడవు. మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు మారతాయి, కెమెరా సమయం మార్చడం మరవద్దు.

చట్టం సంగతి దేశాన్ని బట్టి ఉంటుంది. జర్మనీలో వీధి నుంచి కనిపించే కట్టడాల ఫొటోలను అమ్ముకోవచ్చు. ఫ్రాన్స్‌లో ఐఫెల్ టవర్ రాత్రి దీపాలకు కాపీరైట్ ఉంది: సొంతానికి తీసుకోవచ్చు, వ్యాపారానికి అనుమతి కావాలి. హంగరీలో 2014 నుంచి, గుర్తుపట్టగలిగే మనిషిని ఫొటో తీయడానికే అతని అంగీకారం ఉండాలి. గుంపు దృశ్యం వేరు. ఎవరినైనా ప్రత్యేకంగా తీయాలనిపిస్తే ముందే అడగండి.