కోర్టు "కొట్టేసిందట" అని ఫార్వర్డ్ వస్తే ముందు అడగాల్సింది: దేన్ని?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో మామూలు రోజుల్లో నీళ్ళ మోటారు, పార్కింగు తప్ప ఇంకో గొడవ ఉండదు. కానీ ఢిల్లీలో అవనీ పారిస్‌లో అవనీ, మతం మీద కోర్టు తీర్పు వచ్చిందంటే మాత్రం నేను బీచ్ రోడ్డులో వాకింగ్ ముగించుకుని వచ్చేలోపు వంద మెసేజ్‌లు పడిపోయి ఉంటాయి, సగం మంది పండగ చేసుకుంటూ సగం మంది తిట్టుకుంటూ, తీర్పు చదివినవాళ్ళు మాత్రం సున్నా. మూడో ఫ్లోర్ బాబాయిగారైతే లిఫ్ట్ దగ్గరే పట్టేసుకుంటారు, "ఏటి మాస్టారూ, కోర్టు కొట్టేసిందట కదా" అని. నేను విశాఖ ద్వారకానగర్‌లో గ్రూప్స్ రాసే పిల్లలకి పాలిటీ చెప్తాను కాబట్టి ఇవి చదవడం నాకు ఎలాగూ తప్పదు. నేను ఎలా చదువుతానో చెప్తా, లా చదవక్కర్లేదు, ఓ ఇరవై నిమిషాలు ఓపిక ఉంటే చాలు.

ముందు ఆ "కొట్టేసింది" సంగతి చూద్దాం. మన తెలుగులో ఈ ఒక్క మాటతో రెండు పూర్తి వ్యతిరేక విషయాలు చెప్పేస్తాం. చట్టాన్ని కొట్టేస్తే చట్టం పోయినట్టు, చట్టం మీద వేసిన పిటిషన్ని కొట్టేస్తే అదే చట్టం నిలబడినట్టు. ఫార్వర్డ్‌లో "సుప్రీంకోర్టు కొట్టేసింది" అని మాత్రమే ఉంటే అక్కడితో ఆగి, దేన్ని కొట్టేసింది అని అడగండి. చాలాసార్లు రెండూ కాదు, మధ్యలో ఏదో ఉంటుంది. 2025 సెప్టెంబర్ 15న వక్ఫ్ (ముస్లింలు మతానికో ధర్మానికో శాశ్వతంగా రాసిచ్చే ఆస్తి) సవరణ చట్టం మీద మధ్యంతర ఉత్తర్వు వచ్చిన రోజు మా గ్రూప్‌లో గంట తేడాలో రెండు ఫార్వర్డ్‌లు వచ్చాయి, ఒకటి చట్టానికి స్టే అని, ఇంకోటి స్టే నిరాకరణ అని. తమాషా ఏంటంటే రెండిట్లోనూ సగం నిజం ఉంది. మొత్తం చట్టాన్ని ఆపడానికి కోర్టు ఒప్పుకోలేదు. కానీ వక్ఫ్ చెయ్యాలంటే 5 ఏళ్ళు ఇస్లాం పాటిస్తూ ఉండాలనే షరతుని, దాన్ని ఎలా తేల్చాలో రాష్ట్రాలు రూల్స్ పెట్టేదాకా ఆపింది. ప్రభుత్వ భూమా కాదా అని ఆఫీసర్ ఎంక్వైరీ చేస్తుండగానే ఆస్తిని వక్ఫ్ లెక్కలోంచి తీసేసే భాగాన్ని కూడా ఆపింది. కేంద్ర వక్ఫ్ కౌన్సిల్లో 22 మందిలో ముస్లిమేతరులు 4కి, రాష్ట్ర బోర్డులో 11 మందిలో 3కి మించొద్దంది. రిజిస్ట్రేషన్ చేయించాలనే నిబంధన జోలికి పోలేదు. ఇదంతా ఒక ఫార్వర్డ్‌లో పట్టదు, అందుకే ఎవరికి కావల్సిన ముక్క వాళ్ళు పంపుకుంటారు.

రెండోది బెంచ్‌లో ఎంతమంది, ఎటు ఎంతమంది. ఇది నేను నా పరువు పోగొట్టుకుని నేర్చుకున్నా. 2022 అక్టోబర్ 13, కర్ణాటక హిజాబ్ కేసు, క్లాసులో హిజాబ్ వద్దనొచ్చా అన్నది. క్లాసుకి వెళ్ళే ముందు టీ కొట్టు దగ్గర టీవీ స్క్రోలింగ్ చూసి, లోపలికెళ్ళి ధీమాగా "హైకోర్టు తీర్పుని సుప్రీంకోర్టు సమర్థించింది, రాసుకోండి" అనేశాను. నలభై మంది రాసుకున్నారు కూడా. వెనక బెంచీలో గాజువాక నుంచి వచ్చే అమ్మాయి చెయ్యెత్తి "సార్, అది ఒక జడ్జిగారే కదా, రెండో ఆయన కాదన్నారు" అంది, ఫోన్ చూపించి మరీ. జస్టిస్ హేమంత్ గుప్తా అప్పీళ్ళు కొట్టేశారు, జస్టిస్ సుధాంశు ధూలియా వాటిని అనుమతించారు, ఒకటికి ఒకటి, విషయం పెద్ద బెంచ్ కోసం చీఫ్ జస్టిస్ దగ్గరకి వెళ్ళింది. నేను చూసిన స్క్రోలింగ్ మొదటి ఆయన తీర్పు చదివేటప్పటిది. నలభై నోట్‌బుక్కుల్లో కొట్టివేతలు పెట్టించా ఆ రోజు.

ఇలా సమంగా చీలితే ఏమవుద్ది? కింది కోర్టు తీర్పు అలాగే ఉంటుంది, అంటే కర్ణాటకలో అప్పటికి నిషేధాన్ని నిలబెట్టిన 2022 మార్చి 15 నాటి హైకోర్టు తీర్పే అమలు. అమెరికాలోనూ ఇదే జరిగింది. ఓక్లహోమాలో సెయింట్ ఇసిడోర్ అని ఒక క్యాథలిక్ స్కూల్ని ప్రభుత్వ డబ్బుతో నడిచే చార్టర్ స్కూల్‌గా పెట్టొచ్చా అన్న కేసు, 2025 మే 22న సుప్రీంకోర్టు 4-4. జస్టిస్ ఎమీ కోనీ బారెట్ పక్కకి తప్పుకున్నారు కాబట్టి ఎనిమిది మందే మిగిలారు. దేశమంతా ఎదురు చూసిన కేసు, తీర్పు చూస్తే ఒక్క వాక్యం, కోర్టు సమంగా చీలింది కాబట్టి కింది తీర్పు ఖాయం అని. ఆ కింది తీర్పేమో అలా పెట్టకూడదని. ఎవరు ఎటు ఓటేశారో కూడా అందులో ఉండదు, మిగతా రాష్ట్రాలకి అది ముందుకాలానికి దారి చూపే తీర్పూ కాదు. దీన్ని "అమెరికా మత స్కూళ్ళని నిషేధించింది" అని పంపినవాళ్ళకి దండం.

మూడోది నాకు చాలా ఇష్టమైంది: అసలు కోర్టు ముందున్న ప్రశ్న మతం గురించేనా? మన సింహాచలమే తీసుకోండి. 2020 మార్చిలో దేవస్థానానికి, విజయనగరం రాజుల మాన్సాస్ ట్రస్టుకి చైర్‌పర్సన్‌గా సంచయిత గజపతిరాజుని ప్రభుత్వం జీవో ఇచ్చి పెట్టింది, 2021 జూన్‌లో హైకోర్టు ఆ జీవోలు రద్దు చేసి అశోక్ గజపతిరాజుకి మళ్ళీ ఇమ్మంది. ఏడాది పైన ఈ ఊళ్ళో టిఫిన్ సెంటర్ల దగ్గర దాని గురించి వినని రోజు లేదు, దేవుడు, పార్టీ, కుటుంబం అన్నీ కలిపేసి. కోర్టు చూసింది మాత్రం వంశపారంపర్య ధర్మకర్త పదవి ఎవరికి రావాలి, దాన్ని జీవోతో మార్చొచ్చా అనేది. అప్పన్న గురించి అందులో ఎవరూ ఏమీ అనలేదు! పంచగ్రామాల గొడవ కూడా అంతే, అడవివరం, వేపగుంట వైపు ఇళ్ళు కట్టుకున్నోళ్ళ పట్టాల సమస్య అది, ఎదుటి పక్షం దేవస్థానం కావడం వల్ల దేవుడి గొడవలా కనపడుద్ది.

ఇది అర్థమైతే ఇస్తాంబుల్ కూడా అర్థమవుద్ది. 2020 జూలై 10న అక్కడి కౌన్సిల్ ఆఫ్ స్టేట్ (ప్రభుత్వ నిర్ణయాల మీద కేసులు చూసే పెద్ద కోర్టు) అంతకుముందు మసీదుగా ఉన్న హాగియా సోఫియాని మ్యూజియం చేసిన 1934 నాటి కేబినెట్ నిర్ణయాన్ని రద్దు చేసింది, రెండు వారాల్లో, 24న నమాజు మొదలైంది. రాజకీయం ఎంత ఉందో అందరికీ తెలుసు, కాదనట్లేదు. కానీ తీర్పు నడిచిన దారి ఏంటంటే, ఆ ఆస్తి సుల్తాన్ మెహ్మద్ పేరున్న ఫౌండేషన్‌ది, దాని దస్తావేజులో మసీదు అని ఉంది, దాన్ని ఇంకోలా వాడటానికి కేబినెట్‌కి అధికారం లేదు అని. మొత్తం దస్తావేజు కేసు, మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర వినిపించే భాషే.

మలేషియాది ఇంకా బాగుంటుంది. 2024 ఫిబ్రవరి 9న అక్కడి ఫెడరల్ కోర్టు కెలంతన్ రాష్ట్రం చేసిన షరియా నేరాల చట్టంలో 16 సెక్షన్లు చెల్లవంది, 8-1 మెజారిటీతో. "ముస్లిం దేశంలోనే షరియా రద్దు" అని మనవైపు తిరిగింది, అటువైపు ఏమో "ఇస్లాం మీద దాడి" అని తిరిగింది. కేసు వేసింది ముస్లింలే, ఒక తల్లీ కూతురూ. కోర్టు అడిగిన ప్రశ్న: ఈ నేరాల మీద చట్టం చేసే అధికారం రాష్ట్రానిదా, కేంద్రానిదా? మనకి కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా ఉన్నట్టే వాళ్ళకీ ఉంది, కేంద్రం పరిధిలో ఉన్న నేరాల మీద రాష్ట్రం చట్టం చేసింది, అందుకే పోయింది. అది షరియా మంచిదా చెడ్డదా అన్న కేసే కాదు. మా పిల్లలకి ఇది చెప్తే "సార్ ఇది ఏడో షెడ్యూల్ చాప్టర్ కదా" అన్నారు, కరెక్టే, మన జాబితాలుండేది రాజ్యాంగంలోని ఆ షెడ్యూల్‌లోనే.

తర్వాత చూడాల్సింది, జడ్జి నోటితో అన్నారా, ఉత్తర్వులో రాశారా. తిరుపతి లడ్డూ కేసులో 2024 సెప్టెంబర్ 30న విచారణలో దేవుళ్ళని రాజకీయాలకి దూరంగా పెట్టండి అన్నట్టు సుప్రీంకోర్టు జడ్జి అన్న మాట వారం రోజులు హెడ్డింగ్. అది వ్యాఖ్య. ఉత్తర్వు అక్టోబర్ 4న వచ్చింది, ఐదుగురితో దర్యాప్తు బృందం, సీబీఐ నుంచి ఇద్దరు, రాష్ట్ర పోలీసుల్లో ఇద్దరు, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నుంచి ఒకరు. అమలయ్యేది ఇదే, కానీ గుర్తుండిపోయేది మాత్రం మొదటిది. వ్యాఖ్యలు లాయర్లని పరీక్షించడానికి కూడా అంటారు, ఒక్కోసారి ఆ తర్వాత తీర్పు ఆ మాటకి పూర్తి వ్యతిరేకంగా వస్తుంది.

ఇంకా పైకోర్టు ఉందా అనేది కూడా చూసుకోవాలి. ఇటలీ స్కూలు గోడల మీద సిలువ ఉండొచ్చా అన్న లౌట్సీ కేసులో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు 2009 నవంబర్‌లో ఉండకూడదంది, అందరు జడ్జీలూ ఏకగ్రీవంగా. 2011 మార్చిలో అదే కోర్టు గ్రాండ్ ఛాంబర్, అంటే పెద్ద బెంచ్, 15-2తో తిరగేసింది. మొదటి తీర్పు మాత్రమే పట్టుకుని ఇప్పటికీ వ్యాసాలు రాసేవాళ్ళున్నారు. అన్నట్టు ఆ స్ట్రాస్‌బర్గ్ కోర్టు యూరోపియన్ యూనియన్‌ది కాదు, 46 దేశాల కౌన్సిల్ ఆఫ్ యూరప్‌ది, ప్రిలిమ్స్‌లో ఇక్కడే మార్కు పోతుంది. మన శబరిమల కూడా అంతే, 2018 సెప్టెంబర్ 28న అన్ని వయసుల ఆడవాళ్ళూ వెళ్ళొచ్చని 4-1 తీర్పు, 2019 నవంబర్‌లో రివ్యూలో 3-2తో ప్రశ్నలు పెద్ద బెంచ్‌కి. ఆ 4-1లో కాదన్న ఒక్కరూ మహిళా జడ్జి, ఇందు మల్హోత్రా.

"బ్యాన్" అన్న మాట కనపడితే, రేపొద్దున్న ఎవరు ఏం చెయ్యకూడదు అని ఒక్క వాక్యంలో రాసుకోడానికి ట్రై చెయ్యండి. రాయలేకపోతే మీకు ఇంకా విషయం తెలీదన్నట్టే. జపాన్‌లో 2025 మార్చి 25న టోక్యో జిల్లా కోర్టు యూనిఫికేషన్ చర్చి అనే మతసంస్థ రద్దుకి ఆదేశం ఇచ్చింది, మాజీ ప్రధాని షింజో అబే హత్య తర్వాత ఆ సంస్థ విరాళాలు గుంజే పద్ధతి బయటపడి ఇక్కడిదాకా వచ్చింది. రద్దు అంటే మతసంస్థగా చట్టపరమైన గుర్తింపు, పన్ను మినహాయింపు పోవడం. నమ్మేవాళ్ళు నమ్ముకోవచ్చు, కలిసి ప్రార్థన చేసుకోవచ్చు. ఫ్రాన్స్‌లో తలకి స్కార్ఫ్ నిషేధం అంటారు, 2004 చట్టం ప్రభుత్వ స్కూళ్ళలో కొట్టొచ్చినట్టు కనపడే మత చిహ్నాలకి, అన్ని మతాలవీ. రోడ్డు మీద మొహం కప్పుకోవడానికి 2010లో వేరే చట్టం. 2023లో స్కూళ్ళలో అబాయా (ఒంటి నిండా వేసుకునే వదులు గౌను) వద్దని ఇంకో సర్క్యులర్. మూడూ కలిపేసి ఒకే బ్యాన్ అంటే ఎలా?

ఇంకో మాట, ఏ దేశం కేసుని ఆ దేశం పద్ధతిలోనే చదవాలి. మన రాజ్యాంగం 25వ అధికరణంలో ప్రభుత్వం మతంలోకి వేలు పెట్టడానికి కొంత దారి ఉంది, అందుకే దేవాదాయ శాఖ ఉంది, దానికో మంత్రి కూడా ఉంటాడు. అమెరికాలో గుడికి ప్రభుత్వం ఈవో ని పెట్టడం ఊహకే రాదు. ఫ్రాన్స్‌లో 1905 చట్టం ప్రకారం ఏ మతానికీ ప్రభుత్వ జీతాలు లేవు, కానీ అల్సాస్, మొజెల్‌లో ఇప్పటికీ ఇస్తారు, ఎందుకంటే 1905లో ఆ ప్రాంతం జర్మనీ కింద ఉంది. "సెక్యులర్" అనే ఒకే మాటతో ఈ మూడింటినీ కొలిచేసి మనోళ్ళు హార్బర్ దగ్గర మూడు కొండలు చూపించి, చర్చి, దర్గా, వెంకన్న గుడి పక్కపక్కనే ఉన్నాయి కదా అంటారు. చూడ్డానికి బాగుంటుంది నిజమే, కేసు చదవడానికి పనికి రాదు.

ఎక్కడ చదవాలంటే, సుప్రీంకోర్టు వాళ్ళ ఈ-ఎస్సీఆర్ పోర్టల్ ఫ్రీ, కొన్ని తీర్పులకి తెలుగు అనువాదం కూడా దొరుకుతుంది, భాష కొంచెం బిగుసుకుపోయి ఉంటుంది కానీ నడుస్తుంది. జిల్లా కోర్టు, హైకోర్టు కేసులకి ఈ-కోర్ట్స్ యాప్‌లో 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబర్ (ప్రతి కేసుకీ ఉండే గుర్తింపు నంబర్) కొడితే కేసు ఏ దశలో ఉందో వస్తుంది. వెయ్యి పేజీలు చూసి భయపడొద్దు, ముందు చివరి రెండు మూడు పేజీలు తియ్యండి, ఆదేశం అక్కడే ఉంటుంది. తర్వాత మొదట్లో ప్రశ్నలు ఏవి అని రాసిన పేరా. అమెరికా తీర్పులకి ముందు సిలబస్ అని సారాంశం పెడతారు, అది తీర్పులో భాగం కాదని దాని మీదే రాసి ఉంటుంది, అయినా మొదలు పెట్టడానికి అదే మంచిది. స్ట్రాస్‌బర్గ్ తీర్పులు హుడాక్ అనే సైట్లో.

అమెరికా వాళ్ళ పెద్ద తీర్పులు ఎక్కువగా జూన్ చివర్లో పడతాయి. గ్రౌండ్‌లో ప్రార్థన చేసిన ఫుట్‌బాల్ కోచ్ కేసు 2022 జూన్ 27న వస్తే, స్కూల్లో కథల పుస్తకాల నుంచి పిల్లల్ని తప్పించే తల్లిదండ్రుల కేసు 2025లో సరిగ్గా అదే తారీఖున వచ్చింది, రెండూ 6-3. అక్కడ పొద్దున్న పదికి చదువుతారు, అంటే మనకి సాయంత్రం ఏడున్నర. కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి బాబాయిగారు "అమెరికాలో తీర్పొచ్చేసింది మాస్టారూ" అని ఏదైనా పంపితే అది వేరే ఏడాదిది.