గిటారు, ర్యాప్ కలిపి తెలుగులో తొలి ఆల్బమ్ చేయడం ఎలా?

చెన్నైలో అద్దె గదిలో ఉంటూ గిటారు మీద సొంతంగా తెలుగు పాటలు కట్టుకునేవారు, వాటికి ర్యాప్ జోడించి తొలి ఆల్బమ్ చేయాలనుకున్నప్పుడు తరచుగా ఒకే పొరపాటు చేస్తారు. పాటనంతా గిటారు మీద పూర్తిచేసి, మధ్యలో పదహారు బార్లు (నాలుగేసి బీట్ల ఆవర్తాలు) ఖాళీగా వదిలి, ఆ తర్వాత ఎప్పుడో ఆ ఖాళీలో ర్యాప్ అతికిస్తారు. అతుకు వినగానే తెలిసిపోతుంది. గిటారూ ర్యాపూ ఒకే లయలోంచి పుట్టినట్టు ఉండాలంటే పనిని వేరే వరుసలో మొదలుపెట్టాలి.

మొదట వేగం

ట్యూన్ కంటే ముందే వేగం నిర్ణయించుకోండి. నిమిషానికి 85 నుంచి 95 బీట్ల మధ్య వేగం మెల్లగా పాడే పల్లవికీ, గబగబా చెప్పే చరణానికీ చక్కగా సరిపోతుంది. వేగం కుదిరాక క్లిక్ (ప్రతి బీట్‌కూ టిక్కుమనే మెట్రోనోమ్ శబ్దం) చెవిలో పెట్టుకునే గిటారు వాయించాలి. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. నేను ఆరు పాటలు క్లిక్ లేకుండా రికార్డు చేశాక, ప్రతి చరణం చివరా ఉత్సాహంలో వేగం పెరిగిపోయిందని, వాటి మీద డ్రమ్స్ కూర్చోవని మిత్రుడు తేల్చి చెప్పాడు. ఆరింటినీ మళ్లీ వాయించక తప్పలేదు.

తర్వాత మాట

అసలు శ్రమ ఇక్కడే ఉంది. 90 బీట్ల వేగంలో నాలుగు బీట్ల బార్ ఒకటి రెండున్నర సెకన్లకు కొంచెం పైగా ఉంటుంది. ఒక్కో బీట్‌ను నాలుగుగా చీలిస్తే బార్‌కు పదహారు భాగాలు వస్తాయి. మన లెక్కలో ఇది చతురస్ర గతి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రల చొప్పున లెక్కవేసి ఒక బార్‌లో పదహారు మాత్రలు నింపవచ్చు. బస్సు గురించి రాసుకున్న ఈ రెండు పంక్తులు చూడండి:

పక్కకు జరుగని కసిరిన గొంతుకు
టిక్కెటు చూపిన పిల్లడి నవ్వది

ఇందులో ప్రతి మాటా నాలుగు మాత్రలే కనుక, మాటకొక బీట్ చొప్పున సరిగ్గా పడుతుంది. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష కావడంతో, ఇంగ్లిష్ ర్యాప్‌లో మాట చివర వినబడే హల్లు విరుపు మనకు దొరకదు. ఆ దెబ్బను మాట మధ్యలోని ద్విత్వాల నుంచి తెచ్చుకోవాలి. పై పంక్తుల్లో ‘క్క’ చేసిన పని అదే, పైగా అది పద్యాల్లో మనం ఎరిగిన ద్వితీయాక్షర ప్రాస కూడా. అంత్యప్రాస ఒక్కదాన్నే నమ్ముకుంటే నాలుగు పంక్తులకే విసుగు పుడుతుందని నా అభిప్రాయం. అలాగని పదహారు మాత్రలనూ ప్రతిసారీ నింపితే ఎక్కాలు అప్పజెప్పినట్టు ఉంటుంది. కొన్ని పంక్తులను మొదటి బీట్ దాటాక అందుకోండి, కర్ణాటక సంగీతంలో దీన్నే అనాగతం అంటారు. గిటారు మీద కుడిచేయి ఎక్కడ గట్టిగా పడుతుందో అక్కడే ద్విత్వాక్షరం పడేలా మాటలను సర్దుకుంటే, పాట నుంచి ర్యాప్‌లోకి దాటిన సంగతి వినేవారికి తెలియదు.

రికార్డింగ్

కోడంబాక్కం, వడపళని వైపు స్టూడియోలు ఉన్నాయి కానీ, తొలి ఆల్బమ్‌కు గిటారునూ గొంతునూ ఇంట్లోనే రికార్డు చేసుకోవచ్చు. కేబుళ్లు, స్టాండ్ల వంటివి చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి, దానికి ఎదురుగా కూర్చుంటే గది ప్రతిధ్వని చాలావరకు తగ్గుతుంది. ఫ్యాన్ మాత్రం ఆపాల్సిందే, మే నెలలో ఇది చిన్న త్యాగం కాదు. సున్నితమైన కండెన్సర్ మైకుకు ఇంటర్‌ఫేస్‌లో (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టెలో) 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆన్ చేసి, మైకును సౌండ్‌హోల్‌కు ఎదురుగా కాకుండా పన్నెండో ఫ్రెట్ వైపు, సుమారు జానెడు దూరంలో పెట్టాలి. పక్కింటి కుక్కర్ కూతలు ఆగని ఇళ్లలో ర్యాప్‌కు చుట్టుపక్కల శబ్దాలను తక్కువగా పట్టే డైనమిక్ మైకే మేలు. సముద్రపు తేమకు తంతులు త్వరగా తుప్పుపడతాయి, చెక్క ఉబ్బి శ్రుతి జారుతుంది. అందువల్ల ప్రతి టేక్‌కు ముందు శ్రుతి చూసుకోండి.

మిక్సింగ్

గిటారు లావు తంతి శ్రుతి 82 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. హిప్-హాప్ కిక్ డ్రమ్, 808 బేస్ (డ్రమ్ మెషీన్ నుంచి వచ్చిన లోతైన శబ్దం)ల బరువు దానికి కాస్త కిందనే ఉంటుంది కాబట్టి, రెండింటినీ అలాగే వదిలేస్తే అడుగంతా బురదలా కలిసిపోతుంది. డ్రమ్స్ ఉన్న చోట గిటారులో 100 హెర్ట్జ్‌కు దిగువ భాగాన్ని ఫిల్టర్‌తో తగ్గించి, డ్రమ్స్ లేని పల్లవిలో తిరిగి ఇవ్వండి. స్పాటిఫై మామూలుగా −14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్ద తీవ్రత కొలత) స్థాయికి సర్ది వినిపిస్తుంది కనుక, శబ్దం పెంచాలనే పోటీలో గిటారు ఊపిరి తీయకండి.

పాటలు ఏడెనిమిది చాలు.

హక్కులు, విడుదల

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యం, సంగీతం, రికార్డింగ్ వేర్వేరు హక్కులు. పాత సినిమా పాటలోని చిన్న ముక్కను బీట్‌లో వాడుకోవాలన్నా బాణీ హక్కుదారు, రికార్డింగ్ హక్కుదారు ఇద్దరి అనుమతీ కావాలి. బీట్ కొంటే అది మీ ఒక్కరికే ఇచ్చినదో, మరికొందరికి కూడా అమ్మేదో కాగితం మీద రాయించుకోండి. రచయితగా, స్వరకర్తగా రాయల్టీలు అందుకోవడానికి రచయితలు, స్వరకర్తల రాయల్టీలు వసూలు చేసే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోవాలి. ప్రతి రికార్డింగ్‌కూ ఐఎస్‌ఆర్‌సీ అనే పన్నెండు అక్షరాంకెల గుర్తింపు కోడ్ ఒకటి ఉండాలి, సాధారణంగా పాటలను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటరే ఇస్తారు. స్పాటిఫై సంపాదకుల ప్లేలిస్టులకు పాటను ప్రతిపాదించాలంటే విడుదలకు ముందే, వీలైతే కనీసం ఏడు రోజుల ముందు పంపాలి కాబట్టి, విడుదలకు నెల ముందే ఫైళ్లు అప్‌లోడ్ చేయండి. అప్పుడే పాటల పేర్లకు ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకే స్పెల్లింగ్ ఖాయం చేసి, కవర్ మీదా, అన్ని యాప్‌లలోనూ అదే వాడండి. ‘చెట్టు’ను ఒకచోట ఒకలా, మరోచోట మరోలా రాస్తే వెతికేవారికి పాట దొరకదు.