వెనుక సస్పెన్షన్ విప్పే ముందు జాగ్రత్తలు

కొరాపుట్ నుంచి సుంకి ఘాటు మీదుగా సాలూరుకు కుటుంబంతో తరచూ దిగే ఎస్‌యూవీలో వెనుక చక్రాల వద్ద చప్పుడు మళ్లీ మళ్లీ వస్తుంటే, జాకీ ఎత్తే ముందు కొన్ని విషయాలు చూసుకోవాలి.

బండిని గట్టి, చదునైన నేలపై నిలపాలి. వానకు నానిన ఎర్రమట్టిలో జాకీ దిగబడుతుంది. హ్యాండ్ బ్రేకు చాలా బండ్లలో వెనుక చక్రాలనే పట్టి ఉంచుతుంది కనుక, వాటిని ఎత్తాక దానిపై ఆధారపడకుండా ముందు చక్రాలకు ఇరువైపులా దిమ్మలు వేయాలి. బండి బరువును మోసే స్టాండ్లు పెట్టనిదే కిందికి దూరరాదు.

నొక్కుకొని ఉన్న కాయిల్ స్ప్రింగు ప్రమాదకరమైనది. షాక్ అబ్జార్బర్ బోల్టు తీసేటప్పుడు ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కడ్డీ) ఒక్కసారిగా జారితే స్ప్రింగు ఎగిరిపడవచ్చు, బ్రేకు గొట్టం తెగవచ్చు. అందుకే ఆర్మ్ కింద రెండో జాకీ ఆనించాలి.

షాక్ అబ్జార్బర్లను జతగానే మార్చాలి.

కొత్త బుష్‌లు (ఆర్మ్ కీళ్లలో ఉండే రబ్బరు తొడుగులు) కొద్ది నెలలకే చిరుగుతుంటే తప్పు రోడ్డుదని అందరూ అంటారు గాని, చాలాసార్లు అది బిగింపుదే. చక్రాలు వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, బండి నేలకు దిగగానే రబ్బరు మెలిపడి, ఆ మెలికతోనే నిత్యం తిరుగుతుంది. కాబట్టి బోల్టులను ముందు వదులుగా ఉంచి, బరువు చక్రాలపై పడ్డాకే, తయారీదారు చెప్పిన టార్కుకు, అంటే బిగింపు బలానికి, బిగించాలి.