విద్యుత్ కారు ప్రకటనలో ఇంధన ఆదా లెక్క ఎలా రాయాలి?

‘పర్యావరణహితం’ అన్న మాట ఏ కారు పక్కనైనా వేసుకోవచ్చు. కొనేవారికి కావలసింది లెక్క. అది ఈ వరుసలో రాయండి.

1. రేంజ్ (ఒకసారి చార్జ్ చేస్తే వెళ్లే దూరం) కన్నా ముందు వినియోగం చెప్పండి. బ్యాటరీ పెద్దదైతే రేంజ్ దానంతటదే పెరుగుతుంది, అది పొదుపు కాదు. 100 కి.మీ.కు ఎన్ని యూనిట్లు (కిలోవాట్ అవర్లు) ఖర్చవుతాయన్నదే పెద్ద అక్షరాల్లో ఉండాలి.

2. అంకె పక్కనే పరీక్ష పేరు వేయండి. ఒకే కారుకు అమెరికా ఈపీఏ పరీక్షలో వచ్చే రేంజ్ సాధారణంగా యూరప్ డబ్ల్యూఎల్‌టీపీ పరీక్షలో వచ్చే రేంజ్ కన్నా తక్కువ ఉంటుంది. మీ కారుకు ఒకటి, పోటీ కారుకు మరొకటి తీసుకుంటే పోలిక చెల్లదు. డ్యాష్‌బోర్డు చూపే వినియోగం కూడా వాడొద్దు. చార్జింగ్‌లో వృథా అయ్యే విద్యుత్తు అందులో కలవదు, కరెంటు బిల్లులో మాత్రం కలుస్తుంది.

3. ఆదాను విడమరచి చూపండి. పెట్రోలు కారు 100 కి.మీ.కు 6 లీటర్లు, విద్యుత్ కారు 16 యూనిట్లు తీసుకుంటాయనుకుందాం. 6ను లీటరు ధరతో, 16ను యూనిట్ ధరతో గుణించి, మొదటి దానిలోంచి రెండోది తీసేయండి. యూనిట్ ధర ఇంటి చార్జింగ్‌దా, ఫాస్ట్ చార్జింగ్‌దా అన్నది రాయకపోతే లెక్కకు అర్థం లేదు. ఫాస్ట్ చార్జింగ్ సాధారణంగా ఖరీదైనది. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది కాబట్టి 6 లీటర్లంటే 54 యూనిట్లు. అలాగని ‘70 శాతం శక్తి ఆదా’ అని రాసేయకండి. బొగ్గు, గ్యాస్ విద్యుత్ కేంద్రాల్లో పోయే శక్తి ఈ లెక్కలో లేదు.

4. ‘సున్నా ఉద్గారాలు’ అనే ముందు ‘నడుస్తున్నప్పుడు’ అని చేర్చండి. కారు తయారీలో, విద్యుదుత్పత్తిలో ఉద్గారాలు ఉంటూనే ఉన్నాయి. ఆ వివరణ లేని కార్ల ప్రకటనలను బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ ఏఎస్ఏ 2024లో తప్పుపట్టింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కైతే (పెట్రోలు ఇంజిన్‌తో పాటు చార్జ్ చేసుకునే బ్యాటరీ కూడా ఉన్న కారు) ఈ మాట అసలు పనికిరాదు. దాని అధికారిక మైలేజీ కూడా తరచూ చార్జ్ చేస్తారన్న అంచనా మీద కట్టినదే. చార్జ్ చేయకుండా నడిపితే బ్యాటరీ బరువు మోస్తున్న పెట్రోలు కారే అది. ఆ షరతు మైలేజీ అంకెతో పాటే కనబడాలి.

5. ఆదా తగ్గే సందర్భాలు చెప్పండి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. అందుకే హైవే మీద రేంజ్ పడిపోతుంది. చలిలో హీటరూ బ్యాటరీనే వాడుకుంటుంది.

6. అచ్చుకు పంపేముందు ఫొటో చూడండి. చక్రాలు పెద్దవైతే వినియోగమూ సాధారణంగా పెరుగుతుంది. పెద్ద చక్రాల ఖరీదైన వేరియంట్ బొమ్మ వేసి, చిన్న చక్రాల వేరియంట్ వినియోగం రాయడం తప్పు. బొమ్మలో ఉన్న వేరియంట్ అంకెలే రాయండి, లేదా బొమ్మ మార్చండి.