యూకేలో ఇల్లు: నాన్న పంపిన డబ్బు దగ్గర ఆగిపోయిన ఫైల్

రెడింగ్‌లో ఇల్లు కొంటుంటే డిపాజిట్‌లో (లోన్ కాకుండా మనం సొంతంగా కట్టే వాటా) సగం నాన్న గుంటూరు దగ్గర స్థలం అమ్మి పంపారు, మనీ లాండరింగ్ రూల్స్ అంటూ ఆ డబ్బు ఎక్కడిదో చూపించమని సొలిసిటర్ (ఇల్లు కొనే పని చూసే లాయర్) ఫైల్ ఆపేశారు. సేల్ డీడ్, దాని సర్టిఫైడ్ ఇంగ్లిష్ కాపీ, డబ్బు పడ్డ బ్యాంక్ స్టేట్‌మెంట్, నాన్న పాస్‌పోర్ట్, తిరిగి అడగను ఇంట్లో వాటా అక్కర్లేదు అని ఆయన సంతకం పెట్టిన గిఫ్ట్ లెటర్ అన్నీ తేదీల వరసలో ఒకే పీడీఎఫ్ చేసి పంపితే కదిలింది. నాన్నేమో "నా కొడుక్కి నేనిస్తే వాళ్లకెందుకురా" అని ఒకటే గొడవ!

ఎస్టేట్ ఏజెంట్ చెప్పిన సొలిసిటర్‌నే పెట్టుకోవాలని రూలేం లేదు, చాలాసార్లు ఏజెంట్‌కి రిఫరల్ ఫీజు ముడుతుంది. మీకు లోన్ ఇచ్చే బ్యాంక్ ప్యానెల్‌లో (బ్యాంక్ ఒప్పుకునే లాయర్ల లిస్ట్) ఉన్నారా, ఇండియా నుంచి వచ్చే గిఫ్ట్ డబ్బు ఒప్పుకుంటారా, దానికి ఎక్స్‌ట్రా ఎంత అని ముందే ఈమెయిల్‌లో అడగండి. సొలిసిటర్లని రెగ్యులేట్ చేసే ఎస్‌ఆర్‌ఏ రిజిస్టర్‌లో పేరు కూడా చూస్కోండి, లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ (ఇళ్ల కొనుగోలు, అమ్మకాల పని చేసే లైసెన్స్ ఉన్నవాళ్లు) అయితే వాళ్లని రెగ్యులేట్ చేసే సీఎల్‌సీలో.